ఉప్పు వేస్తే నీళ్లు పొంగాయి, థర్మామీటర్ మాత్రం కదలలేదు: ఎందుకు?

మీ ప్రశ్న ఇది. లీటరు నీళ్లు మరిగించారు, అందులో 10 గ్రాముల ఉప్పు వేశారు. ఉప్పు పడగానే నీళ్లు బుసబుసమంటూ పైకి పొంగాయి. థర్మామీటర్ మాత్రం ఉప్పు వేయకముందు ఎంత చూపించిందో వేశాక కూడా అంతే చూపించింది. ఉప్పు కలిపితే నీటి మరుగు స్థానం పెరుగుతుందని పుస్తకంలో ఉంది. కంటికేమో ఉప్పు వల్ల నీళ్లు ఇంకా తొందరగా మరిగినట్టు కనబడింది. కొలిస్తే అసలు తేడాయే లేదు. ఈ మూడింటిలో ఏది నమ్మాలి అని అడిగారు.

మూడూ నమ్మవచ్చు. పుస్తకం చెప్పింది నిజం, మీరు చూసింది నిజం, మీ థర్మామీటర్ కూడా అబద్ధం చెప్పలేదు. కాకపోతే అవి ఒకే సంగతికి మూడు ముఖాలు కావు, మూడు వేరువేరు సంగతులు. ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లల చేత ఈ ప్రయోగం చేయించాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు సరిగ్గా ఈ ప్రశ్నతోనే నా బల్ల దగ్గరికి వచ్చేవారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పొంగు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరినీ పక్కదారి పట్టించేది అదే. నీళ్లు మరగాలంటే వేడి ఒక్కటే చాలదు, బుడగ పుట్టడానికి ఒక చోటు కావాలి. నీటి మధ్యలో ఏ ఆధారం లేకుండా చిన్న బుడగ పుట్టడం చాలా కష్టం. చుట్టూ ఉన్న నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలాన్ని బిగించి ఉంచే బలం, దాన్ని పుట్టీపుట్టక ముందే నలిపేస్తుంది. గిన్నె అడుగున ఉన్న గీతలు, గుంటలు, వాటిలో చిక్కుకున్న కొద్దిపాటి గాలి బుడగకు ఆ చోటు ఇస్తాయి. ఉప్పు పలుకులు పడ్డప్పుడు వేల కొద్దీ అంచులు, వాటిని అంటుకుని ఉన్న గాలి ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. అప్పటికే ఆవిరి కావడానికి సిద్ధంగా ఉన్న నీరు ఆ పలుకుల మీద బుడగలుగా విడిపోతుంది. అదే మీరు చూసిన పొంగు. కరగని సన్నటి ఇసుక వేసినా అలాగే పొంగుతుంది. కాబట్టి దానికీ మరుగు స్థానానికీ సంబంధం లేదు. నాలుగైదు క్షణాల్లో పలుకులు కరిగిపోతాయి, పొంగు అణగిపోతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. నున్నటి గాజు ఫ్లాస్కులో, కదిలించకుండా వేడి చేసిన నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా మరగకుండా నిశ్చలంగా ఉండిపోగలవు. మైక్రోవేవ్‌లో కప్పు నీళ్లు పెట్టినప్పుడు కూడా ఇలా జరగవచ్చు. ఒకసారి మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి అలాంటి ఫ్లాస్కులో చెంచాడు ఉప్పు పోశాడు. నీళ్లు మరగడం లేదు కదా, ఏమీ కాదులే అనుకున్నాడు. ఉప్పు తగలగానే ఫ్లాస్కులో నీళ్లు మూతి దాకా ఎగిసి అతని చేతి మీద పడ్డాయి. మణికట్టు దగ్గర బొబ్బలెక్కి, వారం రోజులు కట్టుతో తిరిగాడు. అప్పటి నుంచి ఉప్పును చల్లటి నీళ్లలోనే కరిగించి, ఆ తర్వాతే స్టవ్ మీద పెట్టాలన్నది మా ల్యాబ్‌లో మొదటి నియమం. మీరు మళ్లీ చేసేటప్పుడు కూడా అలాగే చేయండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఉప్పు ఎంత పెంచుతుంది?

నీటి విషయంలో గుర్తుంచుకోవాల్సిన అంకె 0.512. ఒక కిలో నీటిలో ఒక మోల్ కణాలు (మోల్ అంటే డజను లాగా కణాలను లెక్కపెట్టే ఒక పెద్ద ప్రమాణం) కరిగి ఉంటే, ఆ నీటి మరుగు స్థానం 0.512 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఇక్కడ 'కణాలు' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఏ పదార్థం కరిగిందన్నది కాదు, కరిగాక నీటిలో ఎన్ని కణాలు విడివిడిగా తిరుగుతున్నాయన్నదే లెక్క. అందుకే వీటిని కణాధార ధర్మాలంటారు. చక్కెర అణువు కరిగినా ఒకటిగానే ఉంటుంది. ఉప్పు సోడియం అయాను, క్లోరైడ్ అయాను అని విద్యుదావేశం ఉన్న రెండు కణాలుగా విడిపోతుంది. కాల్షియం క్లోరైడ్ మూడవుతుంది. ఒక మోల్ చక్కెర అంటే 342 గ్రాములు. కిలో నీటిలో అంత చక్కెర కలిపితే లెక్క ప్రకారం పెరిగేది అర డిగ్రీ. ఒక మోల్ ఉప్పు 58 గ్రాములే, కానీ రెండు మోల్‌ల కణాలు ఇస్తుంది కాబట్టి దాదాపు ఒక డిగ్రీ పెంచుతుంది.

ఇప్పుడు మీ 10 గ్రాములు తీసుకోండి. 10ని 58.4తో భాగిస్తే 0.17 మోల్. కణాలు రెండింతలు, అంటే 0.34 మోల్. దాన్ని 0.512తో గుణిస్తే 0.175 డిగ్రీ వస్తుంది. మీ డిజిటల్ థర్మామీటర్ పూర్తి డిగ్రీలే చూపించే రకమైతే, లేదా దాని కచ్చితత్వం ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే, ఈ తేడా అందులో కనబడే అవకాశమే లేదు. ఉప్పు తన పని తాను చేసింది. ఆ పని మీ పరికరం పట్టుకోగలిగే దానికంటే చిన్నది, అంతే.

ఈ 0.512 ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చేత్తో లెక్క వేసి చూడమని నేను అందరికీ చెబుతాను. వేసి చూస్తే ఇక జన్మలో మర్చిపోరు. నీరు మరగడమంటే దాని బాష్పపీడనం, అంటే దాని ఆవిరి బయటికి నెట్టే ఒత్తిడి, బయటి గాలి పీడనంతో సమానం కావడం. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసం, శుద్ధమైన నీరు దాన్ని 100 డిగ్రీల దగ్గర అందుకుంటుంది. కిలో నీటిలో 55.5 మోల్‌ల నీటి అణువులుంటాయి. దానిలో 58 గ్రాముల ఉప్పు, అంటే 2 మోల్‌ల అయాన్లు కలిపామనుకోండి. మొత్తం 57.5 మోల్‌లలో నీరు కానివి 2, అంటే నూటికి మూడున్నర. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మారీ రౌల్ 1880లలో కనుగొన్న సూత్రం ప్రకారం బాష్పపీడనం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 760లో మూడున్నర శాతం అంటే సుమారు 26 మిల్లీమీటర్లు. అంటే 100 డిగ్రీల దగ్గర ఉప్పునీటి బాష్పపీడనం 734 మాత్రమే, మరగడానికి 26 తక్కువైంది. ఆ లోటు పూడాలంటే ఇంకొంచెం వేడెక్కాలి. 100 డిగ్రీల దగ్గర ఒక్కో డిగ్రీకి నీటి బాష్పపీడనం సుమారు 27 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 26ను 27తో భాగించండి, ఒక డిగ్రీకి కాస్త తక్కువ. రెండు మోల్‌లకు ఒక డిగ్రీ అయితే ఒక మోల్‌కు అర డిగ్రీ. పుస్తకంలోని అంకె ఇదే.

మరి బాష్పపీడనం ఎందుకు తగ్గుతుంది? ఇక్కడ మూడు తప్పు వివరణలు చలామణిలో ఉన్నాయి. మీ మిత్రుడు చెప్పారని రాసినది మొదటిది: ఉప్పు 1400 డిగ్రీలు దాటితే గాని మరగదు కాబట్టి, రెండూ కలిపితే సగటు పెరుగుతుందని. అది నిజమైతే, కరిగిన పదార్థం మరుగు స్థానాన్ని బట్టి ఫలితం మారాలి. మారదు, కణాల సంఖ్యను బట్టే మారుతుంది. రెండోది, అయాన్లు నీటి అణువులను గట్టిగా పట్టుకుంటాయని. పట్టుకునే మాట నిజమే, గాఢమైన ద్రావణాల్లో దాని ప్రభావం కూడా ఉంటుంది. కానీ పలుచటి ద్రావణంలో నీటిని బలంగా పట్టుకునే అయానూ, అంతగా పట్టుకోని అణువూ ఒక్కో కణానికి ఒకే ఫలితం ఇస్తాయి. మూడోది చాలా పాఠ్యపుస్తకాల్లో బొమ్మతో సహా కనబడుతుంది: నీటి ఉపరితలం మీద ఉప్పు కణాలు అడ్డుగా కూర్చుని నీటి అణువులను పైకి పోనివ్వవని. ఈ బొమ్మ చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఒకసారి మనసులో నాటుకుంటే తీయడం కష్టం. అదే ఉప్పు నీటి గడ్డకట్టే స్థానాన్ని కూడా తగ్గిస్తుంది, మోల్ కణాలకు 1.86 డిగ్రీల చొప్పున. మంచుకూ నీటికీ మధ్య ఏ ఆవిరీ లేదు, పైకి పోయే దారీ లేదు, అడ్డుకునేదీ లేదు. అయినా నియమం అదే. కాబట్టి కారణం ఉపరితలం మీద కాదు, ద్రావణం లోపలే ఉంది.

ఆ కారణం ఎంట్రోపీ, అంటే కణాలు ఎంత చెల్లాచెదురుగా, కలగాపులగంగా ఉన్నాయన్న కొలత. నీటి అణువు ద్రవం వదిలి ఆవిరిలోకి పోవడానికి ప్రేరణ ఏమిటంటే, అక్కడ చెల్లాచెదురుగా తిరిగే వీలు చాలా ఎక్కువ. ద్రవంలోనే వేరే కణాలు కలగలిసి ఉంటే, అక్కడే ఆ కలగాపులగం కొంత పెరుగుతుంది. ద్రవంలో ఉండిపోవడం నీటికి మునుపటికంటే కాస్త అనుకూలమవుతుంది, బయటికి పోతే అదనంగా దక్కేది తగ్గుతుంది. అందుకే మరిగే వైపూ గడ్డకట్టే వైపూ రెండు చివరలా ద్రవం తన పరిధిని పెంచుకుంటుంది: 100 పైకి జరుగుతుంది, సున్నా కిందికి జరుగుతుంది. మరిగే వైపు జరిగేది తక్కువ, ఎందుకంటే నీటిని ఆవిరి చేయడానికి పట్టే గుప్తోష్ణం మంచును కరిగించడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువ.

మీ ప్రయోగంలో ఉప్పుతో పోటీపడిన ఇంకొకటి ఉంది, గాలి పీడనం. వాతావరణ వార్తల్లో చెప్పే హెక్టోపాస్కల్ లెక్కలో, సుమారు 36 హెక్టోపాస్కల్‌లకు మరుగు స్థానం ఒక డిగ్రీ మారుతుంది. ఒక అల్పపీడనం దాటిపోయేటప్పుడు గాలి పీడనం 10 హెక్టోపాస్కల్‌లు తగ్గడం మామూలే. అది ఒక్కటే మరుగు స్థానాన్ని 0.28 డిగ్రీ దించేస్తుంది, మీ 10 గ్రాముల ఉప్పు పెంచినదానికంటే ఎక్కువ. ఎత్తు మాటకొస్తే, 300 మీటర్లు ఎక్కితే సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు వేయడమూ, అదే గిన్నెతో ఒక 50 మీటర్లు కిందికి దిగడమూ దాదాపు ఒకటే. ఈ పోలిక చెప్పినప్పుడు క్లాసులో నిశ్శబ్దం అయిపోయేది. అందుకే నిన్న మామూలు నీళ్లు కొలిచి, ఇవాళ ఉప్పునీళ్లు కొలిచి పోల్చకండి. రెండూ ఒకే పూట, ఒకే చోట, ఒకే థర్మామీటర్‌తో కొలవాలి. మీ మామూలు నీళ్లు 98.6 దగ్గర మరిగితే కంగారు పడక్కర్లేదు, ఆ రోజు మీ సున్నా గీత అదే అనుకోండి.

థర్మామీటర్‌ను ఎక్కడ పట్టుకున్నారన్నది కూడా పెద్ద విషయమే. ఆవిరి వల్ల చెయ్యి కాలుతోందని దాన్ని నీటికి కాస్త పైన పట్టుకున్నట్టు రాశారు. అక్కడ ఎంత ఉప్పు వేసినా 100 దగ్గరే చూపిస్తుంది. ఈ సంగతి నాకు మొదట అర్థమైన రోజు ఇప్పటికీ కళ్లముందుంది. చిక్కటి ఉప్పునీళ్లు మరుగుతున్నాయి, ద్రవంలో పెట్టిన థర్మామీటర్ 106 దాటింది. దాన్నే రెండంగుళాలు పైకెత్తి ఆవిరిలో ఉంచాను. బల్బు మీద సన్నటి తడిపొర ఏర్పడింది, చుక్క జారి కింద పడింది, మళ్లీ పొర ఏర్పడింది. పాదరసం మెల్లగా దిగి 100 దగ్గర ఆగిపోయింది. ద్రావణంలోంచి వచ్చే ఆవిరి వేడిగానే బయలుదేరుతుంది, కానీ అందులో ఉప్పు లేదు, ఉన్నది శుద్ధమైన నీరే. బల్బు మీద చేరిన తడి కూడా శుద్ధమైన నీరే. ఆ నీరు, దాని చుట్టూ ఆవిరి పక్కపక్కన ఉన్నంతసేపూ థర్మామీటర్ చూపించేది శుద్ధమైన నీటి మరుగు స్థానమే. అలాగని బల్బును గిన్నె అడుగుకు ఆనించినా తప్పే, అప్పుడు మంట వేడి చూపిస్తుంది. ద్రవం మధ్యలో, అడుగుకు తగలకుండా వేలాడాలి. ఈ చిక్కులన్నీ తప్పించడానికే అమెరికన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ 1919లో ఒక తెలివైన ఏర్పాటు చేశాడు. మరిగే బుడగల బలంతోనే ద్రవం ఒక సన్నటి గొట్టం గుండా పైకెక్కి, పైనున్న థర్మామీటర్ బల్బు మీద ఆగకుండా జల్లులా పడుతుంది. ద్రవం, ఆవిరి రెండూ బల్బు దగ్గర కలుస్తాయి కాబట్టి నిజమైన మరుగు స్థానం దొరుకుతుంది. అంతకుముందే జర్మనీలో ఎర్నస్ట్ బెక్‌మన్ డిగ్రీలో నూరో వంతు తేడా చదవగల థర్మామీటర్ తయారుచేశాడు. ఇంత చిన్న తేడాల కోసం అంత శ్రమ ఎందుకంటే, తెలియని పదార్థాన్ని తూచి కరిగించి, మరుగు స్థానం ఎంత పెరిగిందో చూస్తే దాని అణుభారం తెలిసిపోయేది. థర్మామీటర్‌తో అణువులను లెక్కపెట్టడమంటే ఇదే, నాకు రసాయన శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన పని కూడా ఇదే.

లెక్క ఎక్కడ దారి తప్పుతుందో కూడా చెప్పాలి. ఆ సూత్రం పలుచటి ద్రావణాలకే నమ్మకంగా పనిచేస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్ రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి రెండింతల ఫలితం రావాలి, కానీ పలుచటి ద్రావణంలో కూడా సుమారు 1.3 రెట్లే వస్తుంది. వ్యతిరేక ఆవేశాలు బలమైనవి కాబట్టి ఆ అయాన్లు జంటలుగా కలిసి తిరుగుతాయి, లెక్కకు ఒకటిగానే నిలుస్తాయి. చక్కెరలో తేడా తగ్గే వైపు కాదు, పెరిగే వైపు వస్తుంది. సగం చక్కెర, సగం నీరుగా ఉన్న ద్రావణానికి లెక్క ఒకటిన్నర డిగ్రీలు చెబుతుంది, నిజంగా పెరిగేది సుమారు 2. నూటికి 80 పాళ్లు చక్కెర ఉంటే లెక్కకు 6 డిగ్రీలే వస్తుంది, నిజంగా అది 110 డిగ్రీలు దాటి మరుగుతుంది. అంత చిక్కటి ద్రావణంలో చక్కెర అణువులు తమ చుట్టూ చాలా నీటిని కట్టిపడేస్తాయి, విడిగా మిగిలే నీరు మనం అనుకున్నంత ఉండదు.

ఇక్కడే ఒక అందమైన తేడా ఉంది. శుద్ధమైన నీళ్లు ఎంతసేపు మరిగినా అదే డిగ్రీ దగ్గర నిలబడతాయి. ద్రావణం అలా నిలబడదు. నీరు ఆవిరైపోతూ ఉంటుంది, ఉప్పు మిగిలిపోతుంది, ద్రావణం చిక్కబడుతుంది, మరుగు స్థానం నిమిషనిమిషానికీ పైకి జరుగుతుంది. ఉప్పునీళ్లను అలా మరిగిస్తూ పోతే సుమారు 108.7 డిగ్రీల దగ్గర ఆ పెరుగుదల ఆగిపోతుంది. అప్పటికి 100 గ్రాముల నీటికి దాదాపు 40 గ్రాముల ఉప్పు ఉంటుంది, నీరు ఇంక మోయలేదు. ఆపైన ఎంత నీరు పోతే అంత ఉప్పు పలుకులుగా అడుగున చేరుతుంది, డిగ్రీ కదలదు. చక్కెర పాకం అలా ఆగదు. చక్కెర వేడినీటిలో దాదాపు ఎంతైనా కరుగుతుంది కాబట్టి డిగ్రీలు ఎక్కుతూనే పోతాయి, నూటికి 90 పాళ్లు చక్కెర అయ్యేసరికి 130 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే పాకంలో థర్మామీటర్ చూపించే అంకె వేడిని మాత్రమే కాదు, లోపల ఇంకా ఎంత నీరు మిగిలిందో కూడా చెబుతుంది.

కరిగిన ప్రతిదీ మరుగు స్థానాన్ని పెంచుతుందని కూడా అనుకోకండి. ఇప్పటిదాకా చెప్పిందంతా తాను ఆవిరి కాని పదార్థాలకే. ఇథనాల్ కలిపితే మరుగు స్థానం తగ్గుతుంది, ఎందుకంటే అది 78.3 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరి కూడా నీటి ఆవిరికి తోడై బయటి పీడనాన్ని ముందే అందుకుంటుంది. అలాగని ఆవిరయ్యేవన్నీ తగ్గిస్తాయా అంటే అదీ కాదు. హైడ్రోజన్ క్లోరైడ్ మామూలుగా వాయువే. కానీ నూటికి 20 పాళ్లు అది ఉన్న ఆమ్లం 108.6 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది నీటిలో అయాన్లుగా విడిపోయి అంత గట్టిగా ఇమిడిపోతుంది. ఇసుక, నూనె లాంటి కరగనివి కణాల లెక్కలోకి రావు, మరుగు స్థానాన్ని అవి ఇలా పెంచవు.

వాడుకలో దీని ప్రయోజనం చూడాలంటే కారు రేడియేటర్ దగ్గర చూడవచ్చు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమానంగా కలిపిన కూలెంట్ మామూలు పీడనం దగ్గరే సుమారు 107 డిగ్రీల వరకు మరగదు, మైనస్ 35 దాకా గడ్డకట్టదు. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పెంచి మరుగు స్థానాన్ని ఇంకా పైకి తోస్తుంది. సముద్రపు నీటిని ఆవిరి చేసి మంచినీరు తీసే ప్లాంట్లలో ఇదే విషయం నష్టంగా మారుతుంది. సముద్రపు నీరు శుద్ధమైన నీటికంటే అర డిగ్రీ పైన మరుగుతుంది. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది, కానీ ఒక దశలో వచ్చిన ఆవిరితో తర్వాతి దశలో నీటిని మరిగించే పద్ధతిలో, ప్రతి దశలోనూ ఆ అర డిగ్రీ పోతుంది. ఇంజనీర్లు దాన్ని మొదటే లెక్కలో పెట్టుకుంటారు.

మీరు మళ్లీ చేయాలనుకుంటే ఇలా చేయండి. డిగ్రీలో పదో వంతు చూపించే థర్మామీటర్ తెచ్చుకోండి. ముందు లీటరు మామూలు నీళ్లు మరిగించి, బల్బును ద్రవం మధ్యలో పెట్టి, అంకె రెండు నిమిషాల పాటు కదలకుండా ఉన్నాక రాసుకోండి. తర్వాత ఇంకో లీటరు చల్లటి నీళ్లలో 200 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, అదే మంట మీద పెట్టండి. మరగడం మొదలైన వెంటనే చదవండి, ఆలస్యమైతే నీరు ఆవిరై అంకె ఎక్కువ వస్తుంది. మొదటి అంకెకంటే మూడున్నర డిగ్రీలకు కాస్త పైన రావాలి. మూడుకు తక్కువ వస్తే ముందు బల్బు ఎక్కడుందో చూడండి, చాలావరకు అది ఆవిరిలోకి వచ్చేసి ఉంటుంది. ఐదు దాటితే అడుగుకు తగులుతున్నట్టు, లేదా చాలాసేపు మరిగించినట్టు. తర్వాత ఉప్పుకు బదులు అదే 200 గ్రాముల చక్కెరతో చేసి చూడండి. పెరుగుదల అర డిగ్రీ కూడా ఉండదు. రెండూ ఒకే బరువు, కానీ 200 గ్రాముల ఉప్పులో ఉన్నవి దాదాపు 7 మోల్‌ల కణాలు, 200 గ్రాముల చక్కెరలో ఉన్నవి 0.6 మోల్ కూడా లేవు. వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి, ఎక్కడైనా తేడా వస్తే కలిసి వెతుకుదాం.